దిగుడులో భారం ఎవరి మీద? గుర్రపు బండ్ల బ్రేకుల గురించి

అందరికీ నమస్కారం.

గుర్రపు బండ్ల గురించి ఏ పుస్తకం తెరిచినా ఎక్కువగా లాగుడు సంగతే కనిపిస్తుంది. ఎన్ని గుర్రాలు కట్టారు, ఎంత బరువు వేశారు, రోజుకు ఎన్ని మైళ్లు నడిచాయి. ఎత్తెక్కేటప్పుడు గుర్రం పడే కష్టం కళ్లకు కడుతుంది కాబట్టి దాని గురించి అందరూ రాశారు. దిగేటప్పుడు జరిగేదాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. కానీ బరువు బండి తోలినవారిని అడిగి ఉంటే, ఎత్తు కంటే దిగుడుకే ఎక్కువ భయపడతామని చెప్పేవారు. ఎత్తులో గుర్రం అలిసిపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగుడులో గుర్రం అలిసిపోతే బండి దాని మీదికే వచ్చి పడుతుంది. ఈ రోజు ఆ దిగుడు గురించి మాట్లాడతాను.

ముందుగా ఒక లెక్క వేసుకుందాం. బండీ సరుకూ కలిపి 3 టన్నులు అనుకోండి. రోడ్డు పది అడుగులకు ఒక అడుగు చొప్పున దిగుతోంది. ఆ వాలులో బండిని కిందికి తోసే బలం దాదాపు 300 కిలోల బరువుకు సమానం. గట్టి కంకర రోడ్డయితే చక్రాలు దొర్లడానికే అందులో 60, 70 కిలోలు ఖర్చవుతాయి. మిగిలిన 230 కిలోలను ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఒక గుర్రం పొద్దస్తమానం నిలకడగా లాగగలిగేది దాని బరువులో ఇంచుమించు పదో వంతు, అంటే 50, 60 కిలోలు. కాసేపటికైతే అంతకు ఎన్నో రెట్లు లాగగలదు. అయితే అదంతా ముందుకు లాగే బలం. మెడపట్టీకి భుజాలు ఆనించి ముందుకు వంగడంలో గుర్రం ఒళ్లంతా పనిచేస్తుంది. వెనక్కి ఆనుకుని బరువు ఆపడానికి ఆ శరీరం అంత అనువుగా లేదు.

ఇంకో లెక్క కూడా చెప్పి ఈ అంకెలు వదిలేస్తాను. అదే వాలులో కిలోమీటరు దూరం నడిస్తే బండి వంద మీటర్ల ఎత్తు దిగుతుంది. ఆ ప్రయాణంలో బండి వదులుకునే శక్తితో తొమ్మిది లీటర్ల చల్లని నీళ్లను మరిగే దాకా కాచవచ్చు. ఆ వేడి ఎక్కడో ఒకచోట పుట్టి తీరాలి. గుర్రం కండల్లో పుట్టవచ్చు, చక్రం కమ్మిలో పుట్టవచ్చు, రోడ్డు రాళ్లలో పుట్టవచ్చు, ఒక చెక్క ముక్కలో పుట్టవచ్చు. పుట్టిన చోట ఏదో ఒకటి అరిగిపోతుంది. ఏది అరగాలన్నది మనిషి నిర్ణయం. గుర్రపు బండికి కనిపెట్టిన బ్రేకులన్నింటినీ నేను ఈ ఒక్క ప్రశ్న పెట్టుకునే చూస్తాను.

అన్నింటికంటే పాత జవాబు, గుర్రమే అరగాలన్నది. బ్రీచింగ్ అని ఒక వెడల్పాటి తోలు పట్టీ ఉంటుంది. గుర్రం తోక కింద, వెనుక తొడల చుట్టూ అడ్డంగా వచ్చి, రెండు పక్కలా ముందుకు సాగి నొగలకు బిగిసి ఉంటుంది. బండి ముందుకు తోసుకువస్తే పట్టీ తొడలకు ఒత్తుకుంటుంది. గుర్రం వెనుక కాళ్లు కిందికి తెచ్చుకుని, దాదాపు దాని మీద కూర్చున్నట్టుగా నడుస్తుంది. రెండు గుర్రాల బండికైతే మధ్యలో ఒకే దూలం ఉంటుంది. దాని కొసను గుర్రాల మెడపట్టీలకు గొలుసులతోనో తోలు వారులతోనో కలుపుతారు. ఆపే బలం ఆ దారిన వెళ్తుంది.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆరు గుర్రాలు కట్టిన బండిలో లాగడానికి ఆరూ పనికొస్తాయి. ఆపడానికి మాత్రం బండికి దగ్గరగా ఉన్న వెనుక జత ఒక్కటే పనికొస్తుంది. ముందున్న నాలుగూ బండికి కలిసేది లాగే తాళ్లతో. తాడుతో లాగవచ్చు గానీ తోయలేం కదా, అందుకని ఆ నాలుగింటి బలం దిగుడులో ఎందుకూ కొరగాదు. పైగా అవి బెదిరి ముందుకు దూకితే వెనుక జత పని ఇంకా బరువవుతుంది. ఎన్ని గుర్రాలు పెంచి ఎంత సరుకు ఎక్కించినా దిగుడులో ఆ రెండే దిక్కు. బరువులు పెరిగేకొద్దీ వేరే ఉపాయం వెతకక తప్పలేదంటే కారణం ఇదే. బ్రీచింగ్ వదులుగా కట్టి ఉంటే మరీ ప్రమాదం. బండి ముందు భాగం వచ్చి గుర్రం వెనుక కాళ్ల మడమలకు తగులుతుంది, ఒకసారి అలా దెబ్బ తిన్న గుర్రం బెదిరి పరుగు అందుకుంటుంది. పరుగెత్తే గుర్రం వెనుక మూడు టన్నుల బండి ఉందంటే ఇక చెప్పేదేముంది.

రెండో జవాబు, చక్రాన్నే తిరగనివ్వకుండా కట్టేయడం. బండి అడుగున గొలుసు ఒకటి వేలాడుతుంటుంది. కొండ మీద ఆగి దాన్ని వెనుక చక్రం ఆకుల మధ్య నుంచి తిప్పి కొక్కేనికి తగిలిస్తారు. చక్రం తిరగదు, నేల మీద జారుతూ వస్తుంది. ఇది చాలా తేలిక, చాలా చవక, పని కూడా చేస్తుంది. కానీ అరిగేది ఏమిటో చూడండి. చక్రం చుట్టూ ఉన్న ఇనుప కమ్మి ఒకేచోట నేలను రాసుకుంటుంది. నాలుగు కొండలు దిగేసరికి అక్కడ కమ్మి బల్లపరుపుగా తయారవుతుంది. ఆ తర్వాత చదునైన రోడ్డు మీద కూడా చక్రం తిరిగిన ప్రతిసారీ బండి అక్కడ ఎగిరిపడుతుంది. గొలుసు తగిలిన ఒకటి రెండు ఆకుల మీద మొత్తం ఒత్తిడి పడుతుంది కాబట్టి అవి వదులై చక్రమే కదిలిపోతుంది. ఇక రోడ్డు సంగతి సరేసరి. జారే ఇనుము కంకరను చీల్చుకుంటూ గాడి చేస్తుంది, వానొస్తే ఆ గాడి కాలువవుతుంది.

ఈ బాధ నుంచి పుట్టిందే డ్రాగ్ షూ అనే ఇనుప చెప్పు. నాకు ఈ పరికరం మీద ప్రత్యేకమైన అభిమానం, అందుకని కాస్త వివరంగా చెబుతాను. అడుగు మందంగా, రెండు పక్కలా చిన్న అంచులతో, చక్రం వెడల్పుకు సరిపోయే ఇనుప పలక అది. ముందు కొసకు గొలుసు ఉంటుంది. ఆ గొలుసు రెండో కొస బండి అడుగున, వెనుక చక్రానికి బాగా ముందు బిగించి ఉంటుంది. వాడనప్పుడు చెప్పును కొక్కేనికి వేలాడదీస్తారు. కొండ అంచుకు వచ్చాక బండి ఆపి, దాన్ని చక్రం ముందు నేల మీద పెట్టి, గుర్రాలను ఒక్క అడుగు ముందుకు నడిపిస్తారు. చక్రం దాని మీదికి ఎక్కి కూర్చుంటుంది. గొలుసు బిగుసుకుంటుంది. ఇక చక్రం తిరగదు, చెప్పు మీద నిలబడి జారుతూ వస్తుంది. చక్రానికి దెబ్బ లేదు, కమ్మి అరగదు. అరిగేది చెప్పు అడుగే, పలచబడ్డాక కమ్మరి దానికి కొత్త ఇనుము వేస్తాడు.

గొలుసు పొడవు ఇక్కడ ప్రాణం లాంటిది. చక్రం చెప్పు నడిమధ్య ఉన్నప్పుడే గొలుసు బిగుసుకోవాలి. కొంచెం పొడవైతే చక్రం బిగువు అందేలోపే చెప్పును దాటి అవతలికి దొర్లుతుంది, కొండ మధ్యలో బ్రేకు లేకుండా పోతుంది. తెలిసినవారు గొలుసు తెగితే ఉంటుందని చక్రం అంచుకు రెండో గొలుసు కూడా చుట్టేవారు.

మొదట వేసిన లెక్కకు ఇది ఎలా సరిపోతుందో చూడండి. మూడు టన్నుల బండిలో ఒక వెనుక చక్రం మీద సుమారు 900 కిలోలు పడుతుంది. ఇనుము కంకర మీద జారేటప్పుడు ఆ బరువులో ఇంచుమించు మూడో వంతు ఘర్షణ పుడుతుంది, అంటే 300 కిలోలు. మనకు కావలసింది 230. కాబట్టి ఒకే ఒక్క చెప్పు ఆ మొత్తం భారాన్ని మోస్తుంది, గుర్రాలు బండిని మెల్లగా లాగుతూ దిగుతాయి. కొండ దిగుతూ గుర్రాలు తాపీగా లాగుతూ ఉండటం వాటికి ఎంత హాయో ఆలోచించండి. కానీ వాలు సగానికి తగ్గితే అదే చెప్పు గుర్రాలకు భారమవుతుంది. ఎక్కువ తక్కువలు దీనికి తెలియవు. తీస్తే లేదు, వేస్తే పూర్తిగా ఉంది.

తీయడం కూడా సులువు కాదు. కొండ దిగాక గుర్రాలను వెనక్కి నడిపి చక్రాన్ని చెప్పు మీది నుంచి దించాలి. అప్పటికి ఆ ఇనుము ముట్టుకోలేనంత వేడెక్కి ఉంటుంది. ఇంగ్లండ్‌లో 1784లో బ్రిస్టల్, లండన్ మధ్య మెయిల్ కోచ్‌లు, అంటే టపా మోసే గుర్రపు బండ్లు, మొదలయ్యాయి. వాటికి నిమిషం నిమిషం లెక్క. ప్రతి పెద్ద దిగుడు దగ్గరా గార్డు దిగి చెప్పు వేయాలి, అడుగున తీయాలి. ఆలస్యం భరించలేక వేయకుండానే దూసుకుపోయిన సందర్భాలకు, ఆ తర్వాత జరిగిన బోల్తాలకు కొదవ లేదు. వేసే తీరిక ఉండేది కొండ పైనే. సగం దిగాక వేద్దామంటే కుదరదు.

రోడ్లను కాపాడుకోవాలన్న పట్టుదల చట్టంలోకి కూడా వచ్చింది. ఇంగ్లండ్‌లో 1878 నాటి రహదారుల చట్టం, కొండ దిగేటప్పుడు చక్రాన్ని కట్టేస్తే దాని కింద తప్పనిసరిగా ఇలాంటి చెప్పు ఉండాలని, లేకపోతే రోడ్డు పాడవుతుందని, స్థానిక నిబంధనలు చేసుకునే అధికారం కౌంటీలకు ఇచ్చింది. రోడ్డు ఎవరి సొత్తూ కాదు కాబట్టి అరిగితే అరగనీ అనుకునే బండివాడికి ఇనుము నువ్వే అరగదీసుకో అని చెప్పిన చట్టం అది. నాకైతే ఇది ఎంతో న్యాయంగా తోస్తుంది.

అసలు రోడ్డే లేని చోట ఎవరూ రోడ్డు గురించి బెంగ పెట్టుకోరు. అమెరికాలో పశ్చిమానికి వలస వెళ్లినవారు ఆరెగాన్ దారిలో చక్రాల చుట్టూ, నేలకు తగిలే చోట, లావు గొలుసు చుట్టి కట్టేవారు. ఆ గొలుసు నేలను దున్నుతూ వచ్చేది. నెబ్రాస్కాలో విండ్లాస్ కొండ దగ్గర దాదాపు 300 అడుగుల దూరం నిట్టనిలువు వాలు. అక్కడ చక్రాలు కట్టేసి, వెనుక తాళ్లు పట్టుకుని మనుషులు వేలాడుతూ బండ్లను దింపారు. హుడ్ పర్వతం పక్క నుంచి 1846లో బార్లో దారి తెరిచాక లారెల్ హిల్ దగ్గర ఇంకా కష్టం. అక్కడ బండి వెనుక భాగానికి మోకు కట్టి చెట్టు మొదలుకు చుట్టి కొద్దికొద్దిగా వదిలేవారు. నరికిన చెట్లను కొమ్మలతో సహా బండి వెనుక కట్టి ఈడ్చేవారు.

ఈ చెట్టు చుట్టు ఎంత బలమైనదో చెప్పకుండా ఉండలేను. మోకును చెట్టుకు రెండు చుట్లు తిప్పితే, బెరడుకూ మోకుకూ మధ్య ఘర్షణ మధ్యరకంగా ఉన్నా, అవతలి కొసన పట్టుకున్న మనిషి బలం నలభై రెట్లు పెరుగుతుంది. ఇరవై కిలోల పట్టుతో ఎనిమిది వందల కిలోలను ఆపవచ్చు. మూడో చుట్టు వేస్తే అది మూడు వందల రెట్లకు దగ్గరగా వెళ్తుంది. చుట్టు పెరిగిన ప్రతిసారీ బలం కూడుకుంటూ పోదు, హెచ్చించుకుంటూ పోతుంది. ఆయిలర్ పేరుతో ఈ సూత్రం చదువుకున్న ఇంజనీర్లు ఇక్కడ ఉండే ఉంటారు. ఆ వలసదారులకు సూత్రం తెలియాల్సిన పని లేదు, మోకు జారితే కింద ఉన్నది తమ సంసారమంతా అని తెలుసు. అక్కడ అరిగింది చెట్టు బెరడు.

ఇప్పుడు చెక్క దగ్గరికి వద్దాం. తిరిగే చక్రానికి చెక్కను ఒత్తడం ఎంత పాత ఆలోచనో చూడాలంటే ఇంగ్లండ్ ఈశాన్యంలోని బొగ్గు గనుల వైపు చూడాలి. టాన్‌ఫీల్డ్ దారిలో చెక్క పట్టాల మీద గుర్రాలు బొగ్గు బండ్లను లాగేవి. ఆ దారి కోసం 1725, 1726 సంవత్సరాల్లో కట్టిన కాజీ వంతెన ఇప్పటికీ నిలిచి ఉంది. గనుల నుంచి నదికి దారి ఎక్కువ భాగం దిగుడే. ఒక్కో బండిలో రెండున్నర టన్నులకు పైగా బొగ్గు. పట్టాల మీద దొర్లుడు నిరోధం తక్కువ కాబట్టి బండి ఇంకా వేగంగా పరుగెడుతుంది, గుర్రం దాన్ని ఆపడం అసాధ్యం. వాళ్లు చేసిన పని ఏమిటంటే, దిగుడు దగ్గర గుర్రాన్ని విప్పి బండి వెనుక కట్టేవారు. బండి పక్కన ఒక కొస కీలుకు బిగించిన పొడవాటి వంపు కర్ర ఉండేది. తోలేవాడు దాని మీద కూర్చుంటే అది వెనుక చక్రానికి ఒత్తుకునేది. మనిషి తన ఒంటి బరువును ఎక్కువ తక్కువ చేస్తూ వేగాన్ని అదుపు చేసేవాడు. గుర్రం వెనుక ఖాళీగా నడిచి వచ్చేది.

నాకు ఇది గొప్ప మలుపుగా కనిపిస్తుంది. దిగుడులో గుర్రానికి పనే లేదని, ఉంటే అడ్డమని అక్కడి మనుషులు తేల్చేశారు. వేల్స్‌లో 1836లో మొదలైన ఫెస్టినియోగ్ రైలుదారిలో ఇంకో అడుగు ముందుకు వేశారు. పలకరాయి నింపిన బండ్లు తమ బరువుతోనే సముద్రం వైపు దిగేవి, బ్రేకులు మనుషులు వేసేవారు, గుర్రాలు ఆ బండ్ల వరుసలోనే తమకోసం ఉన్న పెట్టెలో నిలబడి ప్రయాణించేవి. ఖాళీ బండ్లను మళ్లీ పైకి లాగడం వాటి పని.

రోడ్డు బండికి వచ్చేసరికి ఆ కర్ర రెండు దిమ్మలుగా మారింది. బండి అడుగున అడ్డంగా ఒక దూలం, దాని రెండు కొసలకు వెనుక చక్రాలకు ఎదురుగా రెండు చెక్క దిమ్మలు. ఒక పొడవాటి మీటను లాగితే కడ్డీల ద్వారా దూలం కదిలి దిమ్మలు చక్రాల కమ్మికి ఒత్తుకుంటాయి. మీట దగ్గర పళ్ల పట్టీ ఉంటుంది, లాగినచోట మీట నిలబడిపోతుంది. మనిషి 30 కిలోల బలంతో లాగితే, మీటలూ కడ్డీలూ కలిసి దాన్ని ఇరవై రెట్లు చేస్తే, దిమ్మల మీద 600 కిలోలు. చెక్కకూ ఇనుముకూ మధ్య ఘర్షణ దానిలో మూడో వంతు అనుకున్నా 200 కిలోలు దొరుకుతాయి. మన 230కి ఇంచుమించు చేరుకున్నట్టే, ఆ మిగిలిన కాస్తా గుర్రాలు సంతోషంగా పట్టుకుంటాయి. అన్నింటికంటే ముఖ్యం, ఎంత కావాలంటే అంతే వేయవచ్చు, నడుస్తూనే వేయవచ్చు, నడుస్తూనే తీయవచ్చు.

అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన కొనెస్టోగా అనే పెద్ద సరుకు బండ్లలో ఈ మీట ఎడమ పక్కన ఉండేది. తోలేవాడు బండిలో కూర్చునేవాడు కాదు. పక్కన నడిచేవాడు, లేదా ఎడమ వెనుక గుర్రం ఎక్కేవాడు, లేదా బండి పక్క నుంచి బయటికి లాగిన ఒక బల్ల మీద కూర్చునేవాడు. ఆ బల్ల మీది నుంచి మీట చేతికందుతుంది. న్యూ హాంప్‌షైర్‌లోని కాంకర్డ్ ఊళ్లో 1827 నుంచి తయారైన కాంకర్డ్ కోచ్‌లలో చేతులు రెండూ పగ్గాలకే కావాలి కాబట్టి బ్రేకును కాలి కిందికి తెచ్చారు. కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీలో 1880ల్లో బోరాక్స్ అనే ఖనిజాన్ని మోసిన బండ్ల వెనుక చక్రాలు ఏడు అడుగుల ఎత్తు. రెండు పెద్ద బండ్లు, వెనుక నీళ్ల ట్యాంకు, అన్నీ కలిపి 36 టన్నుల పైమాట. ముందు బండి బ్రేకు తోలేవాడిది, వెనుక బండి బ్రేకు అతని సహాయకుడిది. ఇద్దరూ ఒకేసారి ఒకే తీరుగా వేయాలి. వెనుకవాడు ఆలస్యం చేస్తే వెనుక బండి ముందు బండిని నెడుతుంది. యూరప్ కొండల్లో మీటకు బదులు మర వాడారు. చక్రం లాంటి పిడి తిప్పితే దిమ్మలు మెల్లగా బిగుస్తాయి. సమయం పడుతుంది, కానీ చేయి వదిలినా జారదు, గంట సేపు దిగే దారికి అదే మేలు.

దిమ్మలకు మెత్తని కలప వాడేవారు. గట్టి కలప నున్నగా తయారై జారుతుంది, మెత్తనిది అరుగుతూ పట్టుకుంటుంది. దాని మీద పాత బూట్ల అడుగు తోలు మేకులతో కొట్టేవారు, అరిగితే ఇంకో ముక్క. తర్వాతి కాలంలో రబ్బరు వచ్చింది. తడిస్తే అన్నీ జారతాయి. పొడి దిగుడులో కాలిన చెక్క వాసన వస్తుంటే బ్రేకు పనిచేస్తోందని, ఇక కాస్త ఆగి చల్లార్చాలని తోలేవాడికి అర్థమయ్యేది. గుర్రం, చక్రం, రోడ్డు వీటన్నింటినీ వదిలి చివరికి ఎవరైనా పావు గంటలో మార్చుకోగల ఒక చెక్క ముక్కను అరగనిచ్చారు చూడండి, అంతకంటే తెలివైన పని నాకు కనిపించదు.

మంచు దేశాల కలప బండ్లకు చక్రాలే ఉండవు, జారుడు పట్టీలే. మిషిగన్, విస్కాన్సిన్ అడవుల్లో దిగుడు దారి మీద ఎండుగడ్డి, వేడి చేసిన ఇసుక చల్లేవారు. అక్కడ బ్రేకు బండిలో లేదు, దారిలో ఉంది. ఎత్తెక్కే దారిలో వెనక్కి జారకుండా చక్రం వెనుక గొలుసుతో ఈడ్చుకొచ్చే చిన్న రోలరూ, ఇరుసుకు వేలాడే ఊతకర్రా వేరే ఉన్నాయి. వాటి గురించి ఇంకోసారి.

ఒక ప్రశ్న అడుగుతున్నారు. బ్రేకు వెనుక చక్రాలకే ఎందుకని. ముందు చక్రాల ఇరుసు మలుపుల్లో మొత్తంగా తిరుగుతుంది, కడ్డీలు దానితో పాటు తిరగలేవు. కాబట్టి వెనుకే సులువు. నష్టం కూడా ఉంది. దిగుడులో బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రాల పట్టు సరిగ్గా అవసరమైనప్పుడే తగ్గుతుంది. అందుకే మరీ గట్టిగా వేస్తే చక్రం బిగుసుకుపోయి బండి వెనుక భాగం పక్కకు జారుతుంది.

చివరి ప్రశ్న. ఈ కాలపు బండ్లకు హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు ఉన్నాయి, పెన్సిల్వేనియా లాంకాస్టర్ కౌంటీలో ఇప్పటికీ గుర్రపు బండ్లే వాడే ఆమిష్ మతస్థుల బగ్గీలకు డ్రమ్ము బ్రేకులు ఉన్నాయి కదా, ఇంకా బ్రీచింగ్ కట్టాలా అని. ఒంటి గుర్రం బండి అయితే కట్టండి. వెనక్కి నడపడానికి గుర్రానికి ఆనుకునే చోటు ఉండాలి, నూనె గొట్టం పగిలిన రోజున కూడా ఏదో ఒకటి ఉండాలి. జతకు మంచి బ్రేకు ఉంటే, నేల చదునైతే, కొందరు తీసేస్తారు. కట్టినప్పుడు మాత్రం బిగువు చూసుకోండి. గుర్రం నిలబడి ఉండగా పట్టీకీ తొడకూ మధ్య అరచేయి నిలువుగా పట్టాలి. అంతకు మించి వదులుంటే బండి ముందుగా తగులుతుంది, పట్టీ తర్వాత బిగుస్తుంది.